వాలు స్థలంలో వడ్రంగి షెడ్డు: మట్టి తోలకండి, షెడ్డును తిప్పండి

ప్రశ్న: కడప శివార్లలో పాలకొండల వైపు మాకు ఐదు సెంట్ల స్థలం ఉంది. వెడల్పు 36 అడుగులు, పొడవు 60 అడుగులు. ఉత్తరాన రోడ్డు. ముందు సగంలో ఇల్లు కట్టుకున్నాం, వెనక 30 అడుగులు ఖాళీ. మా నాన్న నలభై ఏళ్ళుగా వడ్రంగం చేస్తున్నారు. ఇన్నాళ్ళూ పెరట్లో తూర్పు ప్రహరీ పక్కనున్న వేపచెట్టు కిందే ఆయన పని. నేను బ్యాంకులో ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాను. రంపం మిషను, చిత్రిక మిషను పెట్టుకోవడానికి 14 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవుతో ఒక షెడ్డు కట్టాలనుకుంటున్నాం. చిక్కల్లా స్థలం దక్షిణానికి వాలి ఉండడం. 24 అడుగులు నడిస్తే నాలుగడుగుల పల్లం. ఇరవై ట్రాక్టర్ల మట్టి తోలి వెనక ప్రహరీ దాకా చదును చేద్దామని ఒక మేస్త్రీ అంటున్నాడు. పిల్లర్లు లేపాల్సిందేనని ఇంకో మేస్త్రీ అంటున్నాడు. దక్షిణం పల్లంగా ఉండకూడదు, ఎలాగైనా మెరక చేయించమని అమ్మ పట్టుబడుతోంది. గుంత తవ్వి చూస్తే అడుగున్నర ఎర్రమట్టి, దాని కింద గట్టి గరుసు. ఏం చేయమంటారు? కప్పు రేకులా, శ్లాబా? గచ్చు దేనితో వేయాలి? – ఒక పాఠకుడు, కడప

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను ఆకట్టుకున్న మాట “గుంత తవ్వి చూస్తే” అన్నది. కట్టుబడి తలపెట్టినవాళ్ళలో చాలామంది ప్లాను గీయించుకుంటారు, ఇటుక ధర విచారిస్తారు, రేకుల రంగు కూడా ఎంచుకుంటారు. కాళ్ళ కింద ఏ నేల ఉందో మాత్రం చూడరు. మీరు చూశారు. అడుగున్నరకే గట్టి గరుసు తగిలిందంటే షెడ్డుకు కావలసిన బలంలో సగం నేలే ఇచ్చేసింది. మీ జిల్లాలోనే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో కట్టేవాళ్ళకు ఈ అదృష్టం లేదు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని నెర్రెలిస్తుంది, ఆ కదలిక చాలా లోతు దాకా ఉంటుంది. అలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున గుబ్బలా వెడల్పయ్యే అండర్‌రీమ్డ్ పైళ్ళ పద్ధతిని తీర్చిదిద్దింది. మీకు ఆ ఖర్చు లేదు. రెండో మేస్త్రీ చెప్పిన పిల్లర్లూ అవసరం లేదు. ఒక్క అంతస్తు షెడ్డుకు గరుసు మీద కూర్చున్న రాతి పునాది చాలు.

ఇక మొదటి మేస్త్రీ మాట. దయచేసి మట్టి తోలించకండి. చాలా తేలికైన, చవకైన దారిలా కనిపిస్తుంది కానీ, ముందుముందు మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టేది అదే. లెక్క వేసి చూడండి. మీరనుకున్నట్టు పల్లానికి నిలువుగా షెడ్డు పెడితే దాని కిందే సగటున రెండడుగుల మట్టి కావాలి. అంటే 670 ఘనపుటడుగుల పైచిలుకు, బరువు సుమారు 33 టన్నులు. ప్రహరీ దాకా నింపితే దానికి రెట్టింపు కంటే ఎక్కువే. ఆ బరువును పల్లం వైపున ఆపేది ఏమిటి? మీ వెనక ప్రహరీ. అది హద్దు కోసం కట్టిన గోడ, మట్టిని మోయడానికి కట్టింది కాదు. నాలుగడుగుల ఎత్తున మట్టి పోస్తే, పొడిగా ఉన్నప్పుడే అది గోడను ప్రతి మీటరు పొడవునా 450 కిలోల బలంతో నెడుతుంది. అదే మట్టి నీటితో నిండి, నీరు బయటకు పోయే దారి లేకపోతే ఆ తోపు టన్నుకు చేరువవుతుంది. మట్టి అదే, గోడ అదే, ఒక్క వాన తేడా. ప్రహరీ అవతల పక్కింటివాళ్ళు తిరుగుతుంటారు, పిల్లలు ఆడుకుంటుంటారు. ఈ ఒక్క కారణం చాలు, ఆ ఆలోచన మానుకోవడానికి.

కరువు సీమలో అంత వాన ఎక్కడిదని ఎవరైనా అంటే వినకండి. మనకు వాన తక్కువే, కానీ పడినప్పుడు ఒక్కసారిగా పడుతుంది. 2009 అక్టోబరులో కర్నూలు నగరం తుంగభద్ర వరదలో మునిగింది. 2021 నవంబరులో మీ జిల్లాలోనే చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది. అంత పెద్దవాటితో మన పెరటిని పోల్చనక్కర్లేదు కానీ, దారి దొరకని నీరు మట్టిని ఏం చేస్తుందో పెరట్లోనైనా అదే చేస్తుంది.

నా అనుభవం కూడా చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట అనంతపురం శివార్లలో ఇలాంటి వాలు స్థలంలోనే నేనొక షెడ్డు కట్టించాను. పని ఒప్పుకున్న మేస్త్రీ పల్లమంతా ఒక్క ఊపులో మట్టి పోయించి, పైపు పెట్టి తడిపించి, వారం తిరగకుండానే గచ్చు వేయించాడు. నేనూ ఒప్పుకున్నాను. మొదటి ఏడాది ఏమీ తెలియలేదు. రెండో ఏడాది వానలు వెళ్ళాక ఒకరోజు తలుపు గచ్చుకు రాసుకోకుండా తేలిగ్గా తెరుచుకుంది. తలుపు బాగుపడిందనుకున్నాను. కిందికి చూస్తే గచ్చే దిగిపోయింది. పల్లం వైపు గోడ మొదట్లో, గోడకూ గచ్చుకూ మధ్య నా అరచెయ్యి అడ్డంగా దూరేంత సందు. సుత్తితో కొడితే ఖాళీ కుండ మోగినట్టు మోగింది. కింద మట్టి కుంగిపోయి, పైన గచ్చు పల్చటి పెచ్చులా మిగిలింది. గోడలు గట్టి నేల మీద ఉన్నాయి కనుక నిలిచాయి. గచ్చంతా పగలగొట్టి, మట్టి తోడించి మళ్ళీ వేయించాను. రెండోసారి అయిన ఖర్చుతో మొదటే సరైన పునాది పడేది. అందుకే ఈ విషయంలో ఇంత గట్టిగా చెబుతున్నాను.

మరి ఏం చేయాలి? షెడ్డును తిప్పండి. మీరు 24 అడుగుల పొడవును పల్లానికి నిలువుగా పెట్టాలనుకున్నారు. దాన్ని అడ్డంగా, తూర్పు పడమరలుగా పెట్టండి. అప్పుడు పల్లం వైపుకు దిగేది 14 అడుగులే. 24 అడుగులకు నాలుగడుగుల వాలంటే అడుగుకు రెండు అంగుళాలు. 14 అడుగులకు రెండడుగుల నాలుగంగుళాలు. కూలీ లేదు, సిమెంటు లేదు, కాగితం మీద తిప్పినందుకే మీ కష్టం దాదాపు సగమైంది. స్థలం వెడల్పు 36 అడుగులు కనుక 24 అడుగుల షెడ్డు అడ్డంగా చక్కగా పడుతుంది. పడమర ప్రహరీకి మూడడుగులు, దక్షిణం ప్రహరీకి ఐదడుగులు వదలండి. తూర్పున తొమ్మిదడుగుల దారి మిగులుతుంది, ఇంటికీ షెడ్డుకూ మధ్య పదకొండు అడుగులు ఉంటుంది. ప్రహరీ నుంచి ఎంత వదలాలన్న నిబంధన మీ ప్రాంతానికి ఎలా వర్తిస్తుందో, అనుమతికి ఏమేం కావాలో మీ ప్రాంతపు ప్లానింగ్ అధికారిని ముందుగానే అడిగి, అవసరమైతే ఈ కొలతలు సవరించుకోండి.

అయితే ముగ్గు పోసే ముందు వాలును మీరే స్వయంగా కొలవండి. కంటి అంచనా వాలు నేల మీద బాగా మోసం చేస్తుంది. మేస్త్రీల దగ్గర ఉండే పారదర్శకమైన నీటి గొట్టం చాలు. గొట్టంలో నీళ్ళు నింపి, ఎక్కడా గాలి బుడగ లేకుండా చూసుకోండి. ఒక్క బుడగ ఉన్నా లెక్క తప్పుతుంది. ఒక కొసను మీ నాన్నగారు ఇంటి వెనక గోడకు ఆనించి పట్టుకోవాలి, రెండో కొసను మీరు పల్లంలో ఒక కర్రకు ఆనించి పట్టుకోవాలి. నీరు కాసేపు పైకీ కిందికీ ఊగి, తర్వాత రెండు కొసల్లోనూ ఒకే మట్టంలో నిలుస్తుంది. అది నిలిచిందాకా ఆగి అప్పుడు గీత పెట్టండి. గోడ మీది గీత నుంచి నేలకు ఎంత, కర్ర మీది గీత నుంచి నేలకు ఎంత అన్నది కొలిస్తే, ఆ తేడాయే పల్లం. షెడ్డు నాలుగు మూలల్లోనూ, మధ్యలో రెండు చోట్లా చూడండి. వాలు నేరుగా దక్షిణానికే ఉందా, కాస్త పడమరకో తూర్పుకో కూడా తిరిగిందా అన్నది ఇక్కడే బయటపడుతుంది. తర్వాత కాలువ ఎటు తీయాలో అదే చెబుతుంది.

ఇప్పుడు మట్టాలు. ఉత్తరం వైపు గోడ పడే చోట నేలను ఒక అడుగు తవ్వండి. గోడ బయట కూడా మూడు నాలుగడుగుల దాకా ఆ తవ్వు సాగాలి. తవ్విన అంచు కూలకుండా వరుస రాళ్ళు పేర్చితే చాలు, ఆ కాస్త ఎత్తుకు పెద్ద గోడ అవసరం లేదు. తవ్విన నేలకు తొమ్మిది అంగుళాల పైన గచ్చు మట్టం పెట్టండి. అలా పెడితే దక్షిణం గోడ దగ్గర బయటి నేల నుంచి గచ్చు ఎత్తు రెండడుగుల ఒక అంగుళం. మేస్త్రీ చెప్పిన పద్ధతిలో అది ఐదడుగులకు దగ్గరగా ఉండేది.

పునాది గోతులు కొత్త నేల మట్టం నుంచి రెండున్నర అడుగులకు తగ్గకూడదు, అందులో కనీసం ఒక అడుగు గరుసులోకి దిగాలి. ముఖ్యమైన సంగతి: తూర్పు, పడమర గోడల పునాదులు వాలు వెంట దిగుతాయి కదా, అక్కడ గోతి అడుగు నేలతో పాటు ఏటవాలుగా ఉండకూడదు. మెట్లు మెట్లుగా దిగాలి, ప్రతి మెట్టూ నీళ్ళు పోస్తే నిలిచేంత చదునుగా ఉండాలి. ఏటవాలు అడుగు మీద పునాది వేస్తే అది జారడానికి చూస్తుంది. నేను చెప్పిన మట్టాల ప్రకారం ఎనిమిదంగుళాల మెట్లు రెండు వస్తాయి. మెట్టు దగ్గర పై కాంక్రీటు కింది కాంక్రీటు మీదికి మెట్టు ఎత్తుకు రెట్టింపు, అంటే పదహారంగుళాలు ఎక్కి రావాలి. మెట్టు ఎత్తు కాంక్రీటు మందాన్ని మించకూడదు కాబట్టి అడుగు కాంక్రీటు తొమ్మిదంగుళాలు వేయించండి. దానిపైన సైజు రాళ్ళతో కట్టి, గచ్చు మట్టం కింద చుట్టూ తెగకుండా ప్లింత్ బీము, అంటే కాంక్రీటు పట్టీ, పోయండి, నాలుగు 12 మిల్లీమీటర్ల కడ్డీలతో. చదును స్థలంలో కొందరు దీన్ని వదిలేస్తారు. వాలు స్థలంలో ఒక పక్క తవ్విన నేల, ఒక పక్క నింపిన నేల ఉంటాయి కనుక నాలుగు గోడలనూ ఒక్కటిగా పట్టి ఉంచే ఈ బీము మీద మాత్రం పొదుపు చేయకండి.

పునాది గోతుల్లోంచి తీసిన గరుసును పారబోయవద్దు. దక్షిణం వైపు గచ్చు కింద నింపడానికి అదే సరుకు. పైపొర ఎర్రమట్టిని వేరుగా తీసి మొక్కలకు వాడుకోండి, గచ్చు కిందికి రానివ్వకండి. గరుసును ఆరంగుళాల పొరలుగా పరచి, తగినంత తడిపి, దిమ్మిసతో కొట్టించాలి. పడిన చోట దిమ్మిస దిగబడుతుంటే ఇంకా కొట్టాలి. కొట్టిన దెబ్బ గట్టి నేల మీద పడినట్టు మోగి, దిమ్మిస తిరిగి పైకి లేస్తే ఆ పొర అయినట్టు. ఒక పొర పూర్తి కాకుండా రెండోది పోయనివ్వకండి, ఆ రోజు సెలవు పెట్టుకుని అయినా దగ్గరుండండి. దక్షిణం గోడ అడుగున, బయటి నేలకు కాస్త పైన, నాలుగైదు అడుగులకొకటిగా మూడంగుళాల గొట్టాలు బయటికి వాలుగా పెట్టించి, లోపలి వైపు వాటి ముందు కంకర పోయండి. లోపలికి దిగిన చెమ్మ అటే పోతుంది. చెదల మందు కూడా గచ్చు వేయకముందే కొట్టించాలి. చెక్క ఉండే చోట చెదలు రాకుండా చూసుకోవడం తర్వాత చాలా కష్టం.

ఇక నీరు. రోడ్డు నుంచి, ఇంటి కప్పు నుంచి, వంటింటి తొట్టి నుంచి వచ్చే నీరంతా దక్షిణానికే వస్తుంది. ఇప్పుడు దాని దారిలో మీ షెడ్డు అడ్డం నిలబడుతోంది. కాబట్టి షెడ్డుకు ఉత్తరాన, తవ్విన చోటులోనే, అడుగు వెడల్పు, తొమ్మిదంగుళాల లోతు కాలువ తీసి, నీటిని షెడ్డు చుట్టూ తిప్పి తూర్పు పక్క నుంచి కిందికి దించండి. ఎనిమిదడుగులకు ఒక అంగుళం చొప్పున వాలు ఉంటే నీరు నిలవదు. అడుగునా పక్కలకూ కడప బండలు పరిచేయండి. మీకది చేతికందే రాయి. షెడ్డు కప్పు నీటికీ లెక్క ఉండాలి. చూరులతో కలిపి సుమారు 500 చదరపు అడుగుల కప్పు మీద ఐదు సెంటీమీటర్ల వాన పడితే 2,300 లీటర్లు. అది చూరు నుంచి ధారలుగా పునాది పక్కనే పడితే గోయి తీస్తుంది. రెండు వైపులా తూములు పెట్టి, ఉత్తరం తూము నీటిని ఇంటి వెనక ఒక తొట్టిలోకి మళ్ళించి, మిగిలిన నీటిని ఆగ్నేయం మూలన ఇంకుడు గుంతలోకి పంపండి. గుంత షెడ్డు మూలకు ఎనిమిది అడుగులకంటే దగ్గరగా ఉండకూడదు.

ఇక్కడ మీ అమ్మగారి మాటకు వస్తాను. ఆ మాటను కొట్టిపారేయకండి. ఇంట్లో పెద్దావిడ మనసు కష్టపెట్టి కట్టిన చోట మీ నాన్నగారికీ పని సాగదు. ఆవిడ నమ్మకం ప్రకారం దక్షిణం, నైరుతి మెరకగా, బరువుగా ఉండాలి, అంతే కదా? ఇప్పుడు నేను చెప్పిన చోట షెడ్డు స్థలానికి నైరుతినే వస్తుంది. దాని గచ్చు బయటి దక్షిణపు నేలకంటే రెండడుగులు ఎత్తు. నైరుతి మూలన షెడ్డు లోపల, గరుసు నుంచి పునాదితో పాటే ఒక రాతి దిమ్మ కట్టించి, చెక్కల నిల్వ దాని మీద పెట్టండి. మట్టి నింపిన చోట బరువు పెట్టకూడదన్నది నా మాట. అదీ నిలుస్తుంది, నైరుతి బరువుగా ఉండాలన్న ఆవిడ మాటా నిలుస్తుంది. ఒక్క విషయంలో మాత్రం ఆవిడకు నచ్చజెప్పాలి. నీటి గుంత ఈశాన్యాన ఉండాలంటారు, కానీ మీ స్థలంలో నీరు ఈశాన్యానికి ఎక్కదు. తొట్టి ఇంటి వెనకే, షెడ్డుకు ఉత్తరాన పెడుతున్నాం, మిగిలిన నీరు మాత్రం దాని సహజమైన దారిన పోతుందని చెప్పి చూడండి. వానలో ఒకసారి పెరట్లో నిలబెట్టి చూపిస్తే ఇంకా మంచిది.

గోడలకు ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం బూడిదతో చేసే ఇటుకలు వాడవచ్చు, మామూలు ఇటుకలూ వాడవచ్చు. నాకు పెద్ద పట్టింపు లేదు. కిటికీల దగ్గర మాత్రం పట్టింపు ఉంది. షెడ్డును అడ్డంగా తిప్పడం వల్ల మీకు తెలియకుండానే ఇంకో మేలు జరిగింది: పొడవైన గోడలు రెండూ ఉత్తర దక్షిణాలకు వచ్చాయి. పడమటి ఎండ 14 అడుగుల గోడ మీదే పడుతుంది. అక్కడ కిటికీ పెట్టకండి. వడ్రంగికి కావలసింది నీడలు కదలని నిలకడ వెలుతురు, అది ఉత్తరం నుంచే వస్తుంది. పెన్సిలు గీత మీద రంపం పెట్టే మనిషికి దాని విలువ తెలుసు, మీ నాన్నగారిని అడగండి. ఉత్తరం గోడలో బల్ల మట్టానికి పైన పొడవాటి కిటికీలు పెట్టించండి. అయితే కడప ఉన్న అక్షాంశంలో ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా వెళతాడు. మే నెలలో ఉత్తరం కిటికీలోకి కూడా ఎండ దూరుతుంది. కాబట్టి ఆ వైపు చూరు రెండడుగులైనా బయటికి రావాలి.

రేకులా, శ్లాబా అని అడిగారు. నా ఓటు రేకులకే. భవిష్యత్తులో పైన గది వేసే ఆలోచన ఉంటే తప్ప శ్లాబు వద్దు. కడప ఎండకు పగలంతా కాగిన శ్లాబు సాయంత్రం మీరు బ్యాంకు నుంచి వచ్చి పనికి కూర్చునే వేళకు ఆ వేడిని కిందికి వదులుతుంది. రేకు తొందరగా కాగుతుంది, తొందరగా చల్లారుతుంది. నడిమి దూలం తూర్పు పడమరలుగా పెట్టి, రెండు వాలుల కప్పు వేయండి. గోడ మట్టం పదడుగులైనా ఉంచి, నడికప్పు దగ్గర వేడి గాలి పోయే సందు విడవండి. తెల్ల రంగు రేకులు తీసుకోండి. కింద వేడి ఆపే పొరగా థర్మోకోల్ గానీ తడికెలు గానీ వాడకండి, పొట్టు ఎగిరే చోట అవి నిప్పుకు ఆహారం. నిప్పంటుకోని రాతి పీచుతో చేసే రాక్‌వూల్ పలకలు మేలు. మే నెలలో ఈదురుగాలులకు మన వైపు ఎన్ని రేకులు లేచిపోతాయో మీకు తెలుసు. కప్పు అంచుల్లో బోల్టులు దగ్గరదగ్గరగా బిగించాలి, కప్పు చట్రాన్ని గోడపై బీములో ముందే పాతిన బోల్టులకు కట్టేయాలి.

గచ్చుకు మీ ఊరి పేరు మోసే రాయి ఉండగా వేరే ఆలోచన ఎందుకు? ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చే కడప బండలు చాలు. బేతంచెర్ల, తాడిపత్రి బండలైనా సరే. నున్నగా పాలిషు చేసినవి మాత్రం వద్దు. పాలిషు బండ మీద సన్నటి రంపపు పొట్టు పడితే కాలు జారుతుంది, పక్కనే మిషను తిరుగుతుంటుంది. గరుకు ముఖం పైకి పెట్టించండి. కింద గట్టిగా కొట్టిన గరుసు మీద నాలుగంగుళాల కాంక్రీటు, దానిమీద బండలు. ఇది సున్నపురాయి కాబట్టి యాసిడ్ పోసి కడగకూడదు, మేస్త్రీ కడిగేస్తానన్నా ఒప్పుకోకండి. పని బల్ల ముందు నాలుగడుగుల మేర బండల పైన పాత చెక్క పలకలు పరవండి. చేతి నుంచి జారిన ఉలి రాయి మీద పడితే దాని అంచు పోతుంది, నిలబడి పనిచేసే మనిషి మోకాళ్ళకూ చెక్క మంచిది. మిషన్లు రెండూ ఉత్తరం వైపే, తవ్విన నేల మీదే పెట్టండి. నింపిన వైపు బల్లలు, అరలు, తేలిక సామాను ఉండాలి. మిషను అదురుకు నింపిన నేల కాలక్రమంలో కుంగుతుంది; తవ్విన గరుసు కుంగదు.

కరెంటు గురించి కొద్దిగా. ఇంటి ప్లగ్గు నుంచి వైరు లాక్కోవద్దు. మెయిన్ బోర్డు నుంచి విడిగా ఆర్మర్డ్ కేబుల్ (ఇనుప తొడుగున్న వైరు) నేలలో రెండున్నర అడుగుల లోతున వేయించండి. కరెంటు మోతాదు మించితే ఆపేసే విడి ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఎర్తింగ్ గుంతను ఎండిన మెరక వైపు కాకుండా దక్షిణాన, చెమ్మ నిలిచే పల్లంలో తవ్వించండి. రాతి నేలలో ఎర్తింగ్ బలహీనంగా ఉంటుంది, కాబట్టి పని పూర్తయ్యాక మీటరుతో కొలిపించి చూసుకోండి. తయారు చేసినవి అమ్మే ఉద్దేశం ఉంటే ఏ తరగతి కనెక్షను కావాలో విద్యుత్ కార్యాలయంలో ముందే అడగండి. మిషన్ల మోతకు ఇరుగుపొరుగు ఇబ్బంది పడకుండా రాత్రి ఎనిమిది తర్వాత ఆపేయండి.

చివరి తంతుగా మీరు వార్నిషు, అవిసె నూనె వాడతారు. నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయవద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు తనంతట తానే వేడెక్కుతుంది, చుట్టిన గుడ్డలో ఆ వేడి పోయే దారి లేక నిప్పు అంటుకుంటుంది. బయట తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ళున్న మూత డబ్బాలో వేయండి. చెక్క ధూళి విషయంలో మీ నాన్నగారు నలభై ఏళ్ళుగా ఏమీ కాలేదనవచ్చు. ఇన్నాళ్ళూ ఆయన చెట్టు కింద గాలిలో చేశారు, చాలావరకు చేతి రంపంతో చేశారు. నాలుగు గోడల మధ్య మిషను లేపే ధూళి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం చెక్క ధూళిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. మిషనుకు ధూళి లాగే యంత్రం, ముఖానికి ఎన్95 మాస్కు – ఈ రెండూ షెడ్డుతో పాటే కొనాలి, తర్వాత చూద్దామనుకునేవి కావు.

ఎప్పుడు మొదలుపెట్టాలో మీరు అడగలేదు కానీ చెబుతాను. సంక్రాంతి వెళ్ళాక పునాది తీసి, ఎండలు ముదరకముందే ప్లింత్ బీము దాకా ముగించండి. గరుసు నింపి కొట్టాక, ఆ ఏడాది వానలను దాని మీద పడనివ్వండి. జూన్ నుంచి నవంబరు దాకా రెండు ఋతుపవనాలూ వెళతాయి. ఎక్కడైనా కుంగితే గచ్చు వేయకముందే తెలుస్తుంది, మళ్ళీ నింపి కొట్టవచ్చు. మంచి వాన పడిన రోజు గొడుగు వేసుకుని పెరట్లోకి వెళ్ళి నిలబడండి. కాలువ ఎక్కడ పొంగుతోందో, నీరు ఏ మూల తిరుగుతోందో చూసి సున్నంతో గుర్తు పెట్టుకోండి. ఆ మర్నాడు చేసిన సవరణ తర్వాత చేసే ఏ మరమ్మతుకంటే చవక. గోడలు, కప్పు డిసెంబరులో లేపి, గచ్చు అన్నిటికంటే చివర వేయండి.

తలుపు తూర్పు గోడలో, ఉత్తరం కొసకు దగ్గరగా పెట్టండి. వాలు నేల దిగుతూ దిగుతూ సరిగ్గా ఆ చోట మీ గచ్చు మట్టానికి వస్తుంది. మెట్లు ఎక్కనక్కర్లేకుండా బరువైన దుంగలను నేరుగా లోపలికి దొర్లించవచ్చు. ఆరడుగుల వెడల్పు తలుపు పెట్టి, దాని ముందు ఆరడుగుల చదును చేసి, పల్లం వైపు దానికో రాతి అంచు కట్టండి. ఆ చదును గడపకు రెండు మూడంగుళాలు కిందుండాలి, వాన నీరు లోపలికి రాకుండా. కాలువ తలుపు ముందు నుంచే పోతుంది కనుక దాని మీద మందపాటి బండ కప్పండి. అక్కడ తవ్వేటప్పుడు మాత్రం యంత్రం పెట్టించవద్దు, పార పలుగులతోనే తవ్వించండి. మణికట్టు లావు వేప వేరు ఏది తగిలినా తెంచకుండా పునాదిని దాని పక్కకు జరపండి. ఆ చదును మీద పడే నీడ ఆ వేపచెట్టుదే. మీ నాన్నగారు మిషను కోత షెడ్డులో చేసుకున్నా, బాడిస పనికి మాత్రం మళ్ళీ చెట్టు కిందికే వస్తారు. ఆయన మొద్దును అక్కడినుంచి కదపకండి.